అడిగిన ధరకే గొర్రెలు కొన్న మనిషి

పెద్ద నోట్లు రద్దయిన మరుసటి ఏడాది వేసవిలో నాకు శింగనమల వైపు ఎస్సైగా బదిలీ అయింది. మేత కరువై, జనం గొర్రెల్ని అయినకాడికి అమ్ముకుంటున్న రోజులవి. చేరిన వారానికే ఓబులమ్మ అనే గొర్రెల కాపరి స్టేషన్‌కు వచ్చింది. సంతలో సగం మందను అమ్మి, ఆ డబ్బుతో మిగతా వాటికి మేత కొనబోతే, అంగడాయన నోట్లు విసిరికొట్టాడట. అన్నీ దొంగనోట్లే.

"మేత ల్యాకుంటే ఉన్నవి గూడా సచ్చిపోతాయి సారూ" అంది.

దొంగనోటు కేసులో పెద్ద చిక్కు ఒకటుంది. నోటు జేబులో దొరికితే చాలదు, అది దొంగదని ఆ మనిషికి తెలుసునని కూడా మేం నిరూపించాలి. 'నాకెవరో ఇచ్చారు' అన్నాడంటే కేసు నీరుగారిపోతుంది. అందుకే బేరం ఎలా సాగిందని అడిగాను.

"యాడ బేరమప్పా! తువ్వాల గూడా కప్పల్యా. నేను చెప్పిన రేటుకే దుడ్లు చేతిలో పెట్టినాడు. మంచోడనుకుంటి."

మా సంతల్లో పక్కవాడికి తెలియకుండా, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. ఒక్కో బేరం పూటంతా సాగుతుంది. అలాంటి చోట అడిగినంతా ఇచ్చేవాడా! ఆ మాట విన్నాక నాకు కాలు నిలవలేదు.

తర్వాతి సంతకు పంచె కట్టి, ఓబులమ్మ గొర్రెలు నాలుగింటిని పట్టుకుని కూర్చున్నాను. మఫ్తీలో ఇద్దరు కానిస్టేబుళ్ళు, సాక్ష్యానికి ఇద్దరు మధ్యవర్తులు దగ్గర్లోనే ఉన్నారు. ఓబులమ్మ కొంగు ముసుగేసుకుని టీకొట్టు చాటున నిలబడింది. పొద్దెక్కేదాకా కాచుకున్నాం. చివరికి ఇస్త్రీ చొక్కా మనిషొకడు నా ముందు ఆగాడు. ఓబులమ్మ తలూపింది.

నేను మూడింతల ధర చెప్పాను. పక్కనున్న కాపరి పగలబడి నవ్వాడు.

"ఏమప్పా, అవి గొర్రెలా, ఏనుగులా?"

ఇస్త్రీ చొక్కా మాత్రం మారుమాట లేకుండా కట్ట తీసి లెక్కపెట్టాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది! చెయ్యి పట్టుకుని, మధ్యవర్తుల ఎదుట అక్కడికక్కడే పంచనామా రాయించాను.

అతను బతుకుతెరువుకు దూరపు రాష్ట్రం నుంచి వచ్చి, పట్నంలో పెళ్ళిపత్రికలు అచ్చువేసేవాడు. నోట్లూ ఆ యంత్రం మీదే వేశాడు. ఆ నోట్లతో కొన్న గొర్రెల్ని బక్రీదు దాకా ఆగి అమ్మాలని గార్లదిన్నె దగ్గర షెడ్డులో దాచానని ఒప్పుకున్నాడు. ఓబులమ్మనూ ఎక్కించుకుని జీపు ఎంత వేగంగా తోలించానో నాకే గుర్తులేదు. షెడ్డు తలుపు తీయకముందే ఓబులమ్మ తన గొర్రెల్ని కేకేసింది. లోపలి నుంచి ఆమె గొర్రెలు అరుస్తూ తోసుకొచ్చాయి. వాటి మెడలు పట్టుకుని ఏడుస్తూ, నవ్వుతూ, ఆ కొన్నవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. నేనూ ఎస్సైనన్న సంగతి మరిచి ఈలవేశాను.

కేసులో పట్టుకున్న సొత్తును మా అంతట మేం తిరిగివ్వకూడదు. ఓబులమ్మ చేత కోర్టుకు అర్జీ పెట్టించి, మేత లేదన్న సంగతి అందులో రాయించాను. మేజిస్ట్రేటు పూచీకత్తు మీద గొర్రెల్ని అప్పగించి, అమ్ముకోవడానికీ అనుమతిచ్చారు. మళ్ళీ సంతలో ఒకాయన తొందరగా ఒప్పుకోబోతే, ఓబులమ్మ తువ్వాలు కింది నుంచి చెయ్యి లాగేసుకుంది. పూటంతా విసిగించినవాడికే, కాస్త తగ్గించి మరీ అమ్మింది. ఆ సాయంత్రమే మేత బండి ఇంటికి తోలించుకుంది.

మా ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు కాబట్టి, అక్కడ అతను నోట్ల సంగతే తెలియదని మాట మార్చాడు; మూడింతల ధరకు ఒప్పుకున్నవాడు అలా అంటే కోర్టు నమ్మలేదు. శిక్షణలో మాకు నోటు మీది దారం, నీటిగుర్తు చూడమని నేర్పారు. ఆ కేసు తర్వాత నేను నోటు చూసేముందు బేరం సంగతి అడిగేవాణ్ణి. చెమటోడ్చి సంపాదించిన డబ్బును ఎవరూ అంత తేలిగ్గా వదులుకోరు.