స్వెటర్ ఎడమ చెయ్యి

నా చిన్నప్పుడు బోధన్‌లో చలికాలం చెరుకుబండ్ల వెంబడే వచ్చేది. షుగర్ ఫ్యాక్టరీ సీజన్ మొదలైందంటే చాలు, ఊరంతా కాగిన పాకం వాసన, రోడ్డు పొడవునా ఎడ్లబండ్ల బారు. బడి వదలగానే మిగతా పిల్లలు బండ్ల వెనక చెరుకుగడలు లాగడానికి పరుగెత్తేవాళ్లు. మేం ముగ్గురం మాత్రం ఊలుండలు బడిసంచిలో దాచుకుని నర్సక్క ఇంటి అరుగు మీద చేరేవాళ్లం.

నర్సక్క మిషన్ దవాఖానలో నర్సు. మా ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక సందులో ఒక్కతే ఉండేది. ఆదివారం చర్చి, మిగతా రోజులు దవాఖాన, సాయంత్రాలు మేము. చిన్నప్పుడు హాస్టల్లో తాను నేర్చుకున్న స్వెటర్ అల్లికను మాకు నేర్పింది. కొన్న సూదులు ఆమె దగ్గర ఒక్క జతే ఉండేవి. అందుకని మా బాపు పాత సైకిల్ చువ్వలు తెచ్చి, మొనలు బండమీద నున్నగా అరగదీసి, కుట్లు వెనక నుంచి జారిపోకుండా లక్కముద్దలు అతికించి ఇచ్చాడు. ఆ చువ్వలు పట్టుకుంటే మాకు ఏదో పెద్ద ఉద్యోగం వచ్చినట్టుండేది.

స్నేహితులతో కలిసి అల్లడంలో ఎంత సుఖం ఉందో అంత చికాకూ ఉంది. మా పక్క క్వార్టరు టైమ్‌కీపర్ గారి అమ్మాయి కుట్లను ఉర్దూలో పైకి లెక్కపెట్టేది. ఆమె ఇరవైకి చేరి 'బీస్' అనేసరికి నా పదిహేడో పద్దెనిమిదో ఎగిరిపోయేది, మళ్లీ వరస మొదటి నుంచి చూసుకోవాలి. పైగా ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, ఎవరింట్లో ఏం వండారో ఆ అరుగు మీదే తెలిసేది. మూడో పిల్ల చెరుకుబండి తోలే ఆయన బిడ్డ. మాటలు తక్కువ. ఆమె అల్లిక ఒక వరస బిగువుగా ఉంటే, పక్క వరస చేపల వలలా ఉండేది.

ఇక నేను. ముగ్గురిలో బాగా అల్లేది నేనే, ఆ సంగతి నాకు అవసరమైన దానికన్నా ఎక్కువ తెలుసు. ఎవరి చేతిలో కుట్టు జారినా నా వేళ్లు అక్కడికి పోయేవి. మా అవ్వ చూసినప్పుడల్లా "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అనేది. నాకు మాత్రం దురద తగ్గేది కాదు.

ఆ ఏడు బండాయన ఇంట్లో మగపిల్లవాడు పుట్టాడు. పిల్లికూనంత ఉన్నాడని, చలికి తట్టుకోవాలంటే ఉన్ని బట్ట కావాలని నర్సక్క చెప్పింది. పసుపుపచ్చ ఊలు తెచ్చి ముగ్గురికీ పంచింది. ముందు, వెనక భాగాలు నావి. కుడి చెయ్యి టైమ్‌కీపర్ గారి అమ్మాయిది. ఎడమ చెయ్యి తనకే కావాలని బండాయన బిడ్డ అడిగింది. ఎన్నడూ ఏదీ అడగని పిల్ల అడగడం మాకు వింతగా అనిపించింది.

అన్నీ పూర్తయ్యాక, అంచులు సరిచూస్తానని నేనే వాటిని ఇంటికి తీసుకుపోయాను. నా వెనక భాగం పక్కన ఆ ఎడమ చెయ్యి పెట్టి చూస్తే నాకు ప్రాణం ఒప్పలేదు. కొనపట్టుకుని లాగాను. గంటలో చెయ్యి మొత్తం ఉండయింది. మణికట్టు దగ్గర వరసలో ఊలుతో కలిసి నల్లదారం పోగొకటి వచ్చింది. పొరపాటున చిక్కుకుందనుకుని మురుగునీళ్ల మోరిలో పారేశాను. రెండు సాయంత్రాలు కూర్చుని మళ్లీ అల్లేశాను. స్నేహితురాలికి మేలు చేశానన్న సంబరంతో ఆ పూట అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

శనివారం నర్సక్క భాగాలన్నీ కలిపి కుడదామని అరుగు మీద పరిచింది. బండాయన బిడ్డ ఎడమ చెయ్యి తీసుకుని మణికట్టు అంచు వేళ్లతో తడిమింది. లోపలికి తిప్పి చూసింది. ఇంకోసారి తిప్పింది. తరవాత నా ముఖంలోకి చూసి, చువ్వలు అక్కడే పెట్టి, లేచి వెళ్లిపోయింది. ఏడిస్తే బాగుండేది. నాలుగు తిట్టినా బాగుండేది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

నర్సక్క అడిగితే నిజమే చెప్పాను. వంకర అల్లికను సరిచేశానని, నల్లదారం ఉంటే పారేశానని. ఆమె చేతిలో సూది ఆగిపోయింది. టైమ్‌కీపర్ గారి అమ్మాయిని ఇంటికి పంపి, అప్పుడు చెప్పింది. ఈ పిల్లవాడికి ముందు ఆ ఇంట్లో ఇద్దరు పసివాళ్లు పుట్టి, నెల తిరగకముందే పోయారట. దిష్టి తగలకూడదని వాళ్లమ్మ ఈ పిల్లవాడికి నల్ల మొలతాడు కట్టింది. ఆ దారంలోంచి ఒక పోగు తీసి, బండాయన బిడ్డ తన చేత్తో స్వెటర్‌లో అల్లింది. మేం నవ్వుతామని నర్సక్కకు ఒక్కదానికే చెప్పుకుంది.

"నాకు దిష్టి మీద నమ్మకం లేదు బిడ్డా," అంది నర్సక్క. "గని ఆ పిల్ల తమ్ముని కోసం ఏం జేసుకున్నదో, గది నువ్వు ఊడదీసినవు."

తరవాత ఒకే మాట అంది, "ఇప్పు" అని. నా చక్కటి అల్లికను నా చేత్తోనే విప్పించింది. విప్పిన ఊలు ముడతలు పడి ఉంటే ఉండగా కాక వదులు చుట్టగా, లచ్చగా చుట్టి, వేన్నీళ్లలో ముంచి, తీగమీద ఆరేసింది. మర్నాడు చర్చి అయ్యాక పిల్లవాణ్ణి తూకం చూడటానికి పోతూ నన్నూ వెంట తీసుకుపోయింది.

బండాయన ఇల్లు రైలుగేటు అవతల, ఒక్కటే గది. బండాయన బిడ్డ గడప దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి తల తిప్పుకుంది. నర్సక్క నన్ను ఆమె ఎదురుగా కూర్చోబెట్టి, రెండు చేతులూ చాపమని, ఆ లచ్చను నా రెండు మణికట్లకూ తగిలించింది. చువ్వలు ఆ పిల్లకిచ్చి, "ఇగో, దీని చేతులు కట్టేసిన. నువ్వు నిమ్మలంగ అల్లుకో," అని లోపలికి పోయింది.

అలా నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. ఆ పిల్ల ఎంత ఊలు లాగితే అంత వదలడం, అంతవరకే నా పని. చేతులు దించితే లచ్చ చిక్కుపడుతుంది. మొదటిరోజు నరకం. ఆమె ఒక కుట్టు జారవిడిచింది, నా కళ్లముందే. నా వేళ్లు గిలగిలలాడాయి. రెండు వరసల తరవాత ఆమే చూసుకుంది, ఆమే ఎత్తుకుంది.

చేతులకు పని లేకపోతే కళ్లకు దొరుకుతుందేమో. రెండోరోజు గానీ నేను గమనించలేదు, గదిలో ఉయ్యాలకు కట్టిన తాడు గడప దాకా వచ్చి ఆమె కాలి బొటనవేలికి కట్టి ఉంది. వాళ్లమ్మ పొయ్యి దగ్గర ఉంటే, ఈమె కాలితో తమ్ముణ్ణి ఊపుతూ చేత్తో అల్లుతోంది. పిల్లవాడు నిద్రపోతే కుట్లు బిగువుగా పడేవి. ఏడిస్తే కాలు గట్టిగా ఆడేది, చెయ్యి కదిలేది, ఆ వరస వదులయ్యేది. పోయిన ఇద్దరు పసివాళ్ల నాటి నుంచీ ఇంట్లో అలాగే అల్లి అలవాటై, అరుగు మీద కూర్చున్నా ఆ కాలు ఊరికే ఆడుతూనే ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పిల్ల చేతకాక వదులుగా అల్లిందనుకున్నాను నేను!

మూడోరోజు ధైర్యం చేసి, "నల్లదారం నేనే మోరిల పారేసిన. నాకు ఎరుకలేదే," అన్నాను. ఆమె తలెత్తకుండా వరస పూర్తిచేసింది. తరవాత, "తల గిటు తిప్పు," అంది. నా చేతులు లచ్చలో ఉన్నాయి కదా, తిప్పాను. ఆమె నా జడ నల్లరిబ్బను విప్పి, అంచు పంటితో కొరికి, ఒక పోగు లాగింది.

"నల్లగుంటె సాలు. అమ్మకు చెప్పకు," అంది.

నా రిబ్బను పోగును ఊలుతో కలిపి మణికట్టు దగ్గర అల్లింది. నాకు ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకుందామంటే చేతులు లేవు. ఆమే తన గౌను అంచుతో నా ముఖం తుడిచి, మళ్లీ అల్లికలో పడింది.

ఆ పిల్లవాడు బతికాడు. రెండు చలికాలాలు ఆ స్వెటర్ తొడుక్కుని, దాన్ని పొట్టి చేసుకుని మరీ పెరిగాడు.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఉంటున్నాను. మధ్యాహ్నాలు మా మేడ మీద నలుగురం ఆడవాళ్లం ఊలు ముందేసుకుని కూర్చుంటాం. పక్కామె కుట్టు జారితే నాకు దురద ఇప్పటికీ పుడుతుంది, అబద్ధం ఎందుకు? అది నాతోనే పోతుంది కాబోలు. కానీ నేను ఎన్నో ఏళ్లు బడిలో పంతులమ్మగా పనిచేశాను. వంకర గీతలతో, సగం రాసిన లెక్కలతో నోటుబుక్కు నా ముందుకు వచ్చినప్పుడల్లా, ఎర్రపెన్ను పక్కన పెట్టి, ముందు ఒక మాట అడిగేదాన్ని.

"గిది ఏడ కూసొని రాసినవ్ బిడ్డా?"

అడిగిన ప్రతిసారీ, పిల్లలు తలెత్తి నా ముఖంలోకి చూసేవాళ్లు.