భుజం మీద ఎర్రదారం

ఆ రాజుగారబ్బాయి కథ నాకు చెప్పింది ఒక జర్మనీ ముసలావిడ. 2020 ఫిబ్రవరి ఆఖరులో కొడుకు ఇంటికని అబుదాబి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో సెప్టెంబరు దాకా ఇక్కడే చిక్కుకుపోయింది. నేను ఆ ఇంట్లో వంటకీ బట్టలకీ ఉండేదాన్ని. ఆవిడ నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఇద్దరిదీ అరువు ఇంగ్లీషే కాబట్టి ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమయ్యేది. మధ్యాహ్నాలు ఆవిడ మేజోళ్లకు రఫ్ఫు చేసుకుంటుంటే నేను దిండు గలీబులు కుట్టేదాన్ని.

వాళ్ల దేశంలో ఎప్పటినుంచో చెప్పుకునే కథట. ఆ రాజుగారబ్బాయి కొండంత పాముని చంపి దాని రక్తంలో స్నానం చేశాడు. ఒళ్లంతా కొమ్ములా గట్టిపడింది, కత్తి దిగదు. అయితే స్నానం చేసేటప్పుడు చెట్టు మీంచి ఒక ఆకు రాలి రెండు భుజాల మధ్య అంటుకుంది. ఆ ఆకు ఉన్నంత మేర మెత్తగానే ఉండిపోయింది. ఆ ఆకు మన రావాకులాంటిదని చేత్తో గీసి చూపించింది. తోటలో రావి లేదు. గోడవతల వేప నుంచి ఒక ఆకు తుంచి నా వీపుకి అద్ది, "ఇక్కడ" అంది.

"రక్తం కారుతుంది కదండీ, ఆకు కిందికి పోదా?" అని అడిగాను.

"ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు," అని నవ్వింది. 

తర్వాతి భాగం నాకు నచ్చలేదు. మొగుడు యుద్ధానికి వెళ్తున్నాడని భయపడి, అతని భార్య తన పుట్టింటి వైపు మనిషిని పిలిచి ఆ మెత్తని చోటు సంగతి చెప్పేసింది. కనిపెట్టుకుని ఉండమంది. సరిగ్గా ఎక్కడో తెలియాలి కదా, గుర్తు కుట్టమన్నాడతను. చొక్కా మీద, ఆ చోట, సన్నని దారంతో కుట్టింది. రాజుగారబ్బాయి నీళ్లు తాగడానికి ఊట దగ్గర వంగినప్పుడు ఆ మనిషి వెనకనుంచి ఆ కుట్టు చూసుకుని ఈటె దించాడు.

ఆ రాజుగారబ్బాయి పేరేదో ఆవిడ చాలాసార్లు చెప్పింది, నా నోట తిరగలేదు. కుట్టు మాత్రం గుర్తుండిపోయింది.

2021 జూన్‌లో ఆ కుటుంబం వాళ్ల దేశం వెళ్లిపోయింది. నేను అబుదాబి శివారు ముసఫ్ఫాలో ఒక దర్జీ కొట్టు వీసా మీదికి మారాను. ఫ్లాట్‌లో హాలు మూల నా మంచం, మిషను. పక్కనే చెక్కపలకలతో విడదీసిన గదిలో మా కోనసీమ వైపు దంపతులు ఉండేవారు. అతను నిర్మాణాల దగ్గర ఇనుప పరంజా కట్టే పని. ఆ పిల్ల వాళ్ల కంపెనీ మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, ఇంట్లో పని చేసేది. పెళ్లయిన ఏడేళ్లకు ఒక్క కప్పు కింద ఉండటం వాళ్లకి ఇదే మొదలు. ఇద్దరి వీసాలూ తెచ్చింది ఆమె పెదనాన్న కొడుకు. అదే కంపెనీలో ఫోర్‌మన్, ముదీర్ దగ్గర మాట చెల్లేవాడు.

ఆ పిల్ల మొగుడు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఇద్దరు మోసే గొట్టాన్ని ఒక్కడే భుజానికెత్తుకునేవాడు, సైటులో పహిల్వాన్ అనేవారట. కానీ ఊళ్లో కబడ్డీ ఆడే రోజుల్లో కుడి భుజం జారింది. అప్పటినుంచి చెయ్యి పైకెత్తి ఉన్నప్పుడు వెనకనుంచి కుదుపు తగిలితే చాలు, గూడు తప్పుతుంది. ఇక్కడి వీసా పరీక్షలో రక్తం, ఛాతీ చూస్తారు గాని భుజం చూడరు. సంగతి బయటపడితే పరంజా పనికి పనికిరాడని ఇంటికి పంపేస్తారు. ఆ భయం అతనికంటే ఆ పిల్లకి ఎక్కువ.

2022 అక్టోబరులో ఒక ఆదివారం ఆమె అతను పనిలో ఒంటి నిండా వేసుకునే నీలం కవరాల్ తెచ్చింది. కుడి భుజం లోపల మెత్త వేయమంది. గుడ్డ మడతలు పెట్టి నీలం దారంతో పైకి కనపడకుండా కుట్టి ఇచ్చాను. తిప్పి చూసి, "మామ్మగారూ, పైన ఎర్రదారంతో ఇంటూ గుర్తు కూడా వెయ్యండి," అంది.

"ఎందుకూ?"

"అన్నయ్యకి చెప్పానండి, భుజం సంగతి. పైన బరువు పనులకి పిలవకు అన్నయ్యా అన్నాను. అందరివీ నీలం కవరాల్లే, అందరి నెత్తినా టోపీలే. వెనకనించి బావ ఎవరో తెలవట్లేదమ్మా, గుర్తు కుట్టు అన్నాడండి."

"గుర్తు తనే అడిగాడా?"

"ఆయ్. ఆయనే."

నేను మిషను ఆపి, కథ మొత్తం ఆ పిల్లకి చెప్పాను. ఆకు దగ్గర్నుంచి ఊట దాకా ఏమీ వదల్లేదు. విని పకపకా నవ్వింది.

"మీ జర్మనీ ఆవిడ కతకీ మా అన్నయ్యకీ ఏం సమ్మందమండీ? ఈ దేశంలో నాకు పుట్టిల్లంటే ఆయనే."

"ఆ అమ్మాయీ అలాగే అనుకుంది. నేను కుట్టను."

తనే కుట్టుకుంది. బాల్కనీ తీగ మీద ఆరేసినప్పుడు చూశాను. కుట్లు వంకరగా ఉన్నా వీధిలోంచి కూడా కనపడుతున్నాయి.

అతనికీ చెప్పి చూశాను, విప్పెయ్యమని. "మా బావ ఏడిపిత్తాడు గానండీ, వట్టి ఎర్రిబాగులోడు," అన్నాడు. "ఇప్పితే ఇది రెండ్రోజులు అన్నం తినదండి మామ్మగారూ."

నవంబరులో కంపెనీ అతన్ని చార్జ్‌హ్యాండ్ చేస్తుందని మాట వచ్చింది. పదిమంది మీద పెత్తనం, చేతిపని తక్కువ. చెయ్యి పైకెత్తే అవసరమే ఉండదని ఆ పిల్ల సేమియా పాయసం చేసి ఫ్లాట్ అంతా పంచింది. ఆదివారం భోజనానికి వచ్చిన ఫోర్‌మన్ కూడా రెండు గిన్నెలు తాగాడు.

"ఏం బావగారూ, రేపట్నించి మేం కూడా మీకు సలాం కొట్టాలా?" అన్నాడు.

"నువ్వు కొట్టక్కర్లేదులే బావా. గొడుగు పట్టు చాలు," అన్నాడితను.

అందరూ నవ్వారు. ఫోర్‌మన్ బావమరిది, అంటే అతని భార్య తమ్ముడు, అదే పదవి కోసం చూస్తున్నాడన్న సంగతి మాకు తర్వాత తెలిసింది.

తర్వాతి గురువారం పొద్దున సైటులో అందరూ వరసగా నిలబడే ముందు ఆ పిల్ల మొగుడు చల్లనీళ్ల యంత్రం దగ్గరకు వెళ్లాడు. కుడి చెయ్యి ఎత్తి యంత్రం మీద ఆనించుకుని, వంగి సీసా పట్టుకుంటున్నాడు. ఫోర్‌మన్ వెనకనుంచి వచ్చి, "ఏం బావా, పార్టీ ఎప్పుడు?" అని ఆ ఇంటూ మీద అరచేత్తో చరిచాడు. నీళ్ల సంగతి నేను కథకి అతికించింది కాదు. అతనే చెప్పాడు, మెడకి గుడ్డతో చెయ్యి వేలాడేసుకుని, నా మంచం అంచున కూర్చుని.

భుజం జారింది. సేఫ్టీ ఆఫీసరు పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీస్తే పాత దెబ్బ కూడా కనపడింది. ఎత్తు పనులకి పనికిరాడని రాశారు. కింద వేరే పని ఏదైనా ఇమ్మని ఆ పిల్ల ముదీర్ భార్య కాళ్లు పట్టుకుంది. ఆమె మంచిదే, అడిగి చూసింది కూడా. "ఖలాస్" అన్నాడట ముదీర్. చార్జ్‌హ్యాండ్‌గా ఫోర్‌మన్ బావమరిది వచ్చాడు.

ఆ పిల్ల అన్నని నిలదీసింది. మేమంతా అక్కడే ఉన్నాం.

"సరదాకి చరిచానే చెల్లాయ్. బావా మరుదుల మధ్య ఆ మాత్రం లేకపోతే ఎలాగ?"

"గుర్తు మీదే ఎందుకు చరిచావు?"

"గుర్తుందని నాకేం తెలుసే? ఈపు కనపడింది, చరిచాను."

నేను నోరు తెరవబోయాను. ఆ పిల్ల నా చెయ్యి నొక్కి ఆపింది. ఆమె వీసా మార్చిలో మళ్లీ రాయించాలి. అది ఆ అన్న చేతిలోనే ఉంది. జీతాలు రెండింటిలో ఒకటి పోయింది, రెండోది కూడా పోతే ఇద్దరూ ఒకే విమానం ఎక్కాలి.

డిసెంబరు పదకొండున అతను ఒక్కడే ఎక్కాడు.

వెళ్లేముందు కవరాల్ కంపెనీకి తిరిగి అప్పగించాలన్నారు. దాని మీద ఏ గుర్తులూ ఉండకూడదట. ఆ పిల్ల నా దగ్గరకు తెచ్చింది. సూది మొనతో ఒక్కొక్క కుట్టే లాగి తీశాను. నీలం గుడ్డ మీద కన్నాలు ఉండిపోయాయి. తడిపి ఇస్త్రీ చేసినా పూడలేదు. అలాగే మడతపెట్టి ఇచ్చాను.

ఎర్రదారం పోగులు ఏరుకుంటూ అడిగింది. "మామ్మగారూ, ఆ రాజుగారి కోడలు తర్వాత ఏం చేసిందండీ?"

ఆ భాగం నేను ముందు చెప్పలేదు. అప్పుడు అవసరం లేదనుకున్నాను. "చాలా ఏళ్లు ఊరుకుంది. ఇంకో రాజుని చేసుకుని, పుట్టింటివాళ్లందరినీ విందుకి పిలిచింది. పిలిచి చంపించింది. ఆఖరికి తనూ చచ్చిపోయింది."

"విందుకి పిలిచా?"

"ఆయ్."

ఆ పిల్ల పోగులు పొట్లం కట్టి చెత్తలో పడేసింది.

అతను వెళ్లిన తర్వాతి ఆదివారం ఫోర్‌మన్ ఎప్పటిలాగే పన్నెండున్నరకి భోజనానికి వచ్చాడు. ఈసారి బావమరిదిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్ల కోడికూర వండింది, చారు పెట్టింది. నేను హాలు మూల కూర్చుని వాళ్లనే చూస్తున్నాను. ఫోర్‌మన్ కూర కలుపుకుంటూ ఎడం చేత్తో ఫోన్‌లో ఊరికి వీడియో కలిపాడు.

"ఏం బావా, చెయ్యెలా ఉంది?"

అవతల అతను నవ్వుతున్నాడు. చెయ్యి ఎత్తి చూపించాడు, ఎడమది. "మా ఇంటిదాన్ని చూసుకుంటన్నావా బావా?"

"నేనున్నాగా."

ఆ పిల్ల గరిటె పట్టుకుని అన్న వెనక నిలబడి ఉంది. అతను పళ్లెం మీదికి వంగి ఉన్నాడు. చొక్కా వీపు మీద ఏ గుర్తూ లేదు. ఆమె కాసేపు ఆ వీపుకేసే చూసింది. తర్వాత పక్కకి వచ్చి వంగింది.

"ఇంకొంచెం వేసుకో అన్నయ్యా," అంది.

రెండు ముక్కలు ఏరి వేసింది.