మోగని హారను

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా దొర కారును కొన్నేళ్లు నేనే నడిపాను. ఆ దొరకు పెట్రోలు కంటే హారను ముఖ్యం. ఆయన ఊళ్లలో హారను వినబడితే చాలు, జనం చెప్పులు విడిచి, తలపాగా తీసి, బాటపక్కన వంగి నిలబడాలి. ఊరి మొదట్లో నొక్కిన హారను ఊరు దాటేదాకా వదలొద్దని నాకు హుకుం.

పాత కారు, అంత కూత ఎక్కడ తట్టుకుంటుంది? హారను ఫ్యూజు మాటిమాటికీ పోయేది. పోయిన ఫ్యూజు గాజు గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూడాలి. లోపల మసి పట్టిందంటే ఎక్కడో తీగ తొడుగు ఊడి ఇనుముకు తగులుతున్నట్టు. గాజు తేటగా ఉండి లోపలి తీగ కొన దగ్గర కరిగిందంటే, ఫ్యూజును పట్టుకునే రేకులు వదులై వేడెక్కుతున్నట్టు. మా కారుకు రెండు రోగాలూ ఉన్నాయి. బండి ఆపితే వెతికి బాగుచేస్తానని ఎన్నిసార్లు చెప్పినా దొర చెవిన పెట్టలేదు. ఫ్యూజు బదులు మందపాటి రాగితీగ చుట్టమన్నాడు. ఆ తీగ కరగదు, ఫ్యూజు పెట్టె కాలుతుంది అన్నాను. చుట్టమంటే చుట్టమన్నాడు. చుట్టాను.

ఒక మిట్టమధ్యాహ్నం, ఎల్లారెడ్డి ఇంకా రాకముందే హారను గొంతు పడిపోయింది. రబ్బరు కాలిన కంపు. ముందు ఒకడు నెత్తిన తునికాకు మోపుతో, కాళ్లకు చెప్పులతో నడుస్తున్నాడు. హారను లేదు గనక దొర కారని తెలియక, బస్సు వస్తుందనుకుని పక్కకు జరిగాడంతే. దొర కారు ఆపించాడు. వాడు మోపు పడేసి, చెప్పులు విడిచి, వినబడలేదు బాంచెన్ అంటూ కాళ్లమీద పడ్డాడు.

నేను బానెట్టు ఎత్తి బ్యాటరీ తీగ ఊడదీశాను. ఫ్యూజు పెట్టె పొగలు కక్కుతోంది. చల్లారితే గాని ముట్టలేమని చెప్పాను. దొర వాణ్ని పిలిచాడు.

"చెయ్యి పెట్టి చూడురా. సల్లారిందో లేదో చెప్పు."

వాడు అరచెయ్యి పెట్టెకు ఆనించాడు. చర్మం సుయ్యిమంది. సల్లగనే ఉంది దొరా, అన్నాడు. ఆ అబద్ధానికి నాకు దొర మీదకంటే వాడి మీదే ఎక్కువ కోపం వచ్చింది. సల్లగుంటే అట్లనే ఉంచుమని దొర రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"హారను మోగలే దొరా. తప్పు బండిది" అన్నాను.

"బండికి చెయ్యి లేదు గద" అన్నాడు దొర.

ఇక చూడలేక వాడి మణికట్టు పట్టి గుంజాను. రాలేదు. నేను గుంజినకొద్దీ వాడు చేతిని ఇంకా గట్టిగా అదిమాడు. కళ్లవెంట నీళ్లు కారుతుంటే, దొరకు వినబడకుండా నన్ను బతిమాలాడు.

"వద్దన్నా. దొర ఇంకా తియ్యమనలే."