తొట్టి నిండినంకనే ముద్ద

2019 ఎండకాలం. దేవరకొండ బస్టాండుకు జర ఎడంగ ఒక చిన్న ప్రైవేటు దవాఖాన. అందుల మెట్ల పక్కన ఉన్న పొడుగాటి గది నాది. నేను ఫిజియోథెరపిస్టును. అంటే మందుబిల్ల ఇయ్యను, సూది పొడువను. విరిగి అతికిన కాళ్లను, పక్షవాతం కొట్టిన చేతులను మళ్ల పనికి మలిపే పని నాది. ఆ గదిల రెండు బల్లలు, గోడకు గిరక తాడు, ఒక పెగ్ బోర్డు ఉండేటియి. పెగ్ బోర్డంటే బెజ్జాలున్న చెక్క. రంగురంగుల పుల్లలను ఒక్కొక్కటి తీసి ఆ బెజ్జాలల్ల నిలబెట్టాలె. చూసెటోళ్లకు చిన్నపిల్లల ఆట. పక్షవాతం వచ్చినోళ్లకు గదే కొండెక్కినంత కష్టం.

ఇంకో ముచ్చట ముందే చెప్పాలె, లేకుంటె కథ నడువది. నాకు కంప్యూటర్ల ఆడే వ్యవసాయం ఆట అంటే పిచ్చి. పొద్దంత మంది చేతులు వంచి, సాగదీసి, మధ్యాహ్నం డబ్బా విప్పుకొని లాప్‌టాప్‌ల ట్రాక్టర్ తోలేదాన్ని. "ఇంట్ల కోళ్లకు పిడికెడు గింజలెయ్యవు గని, అద్దంల ఆవులను మేపుతవానే షాహీన్!" అని మా అమ్మీ తిట్టేది. మేపుడు గూడ ఏం మంచిగ మేపకపోతుంటి. నాకు ట్రాక్టర్ తోలుడు ఇష్టం, దున్నుడు ఇష్టం. గడ్డి దాసుడంటే ఒళ్లు బరువు. నా షెడ్డు ఎప్పుడు చూసినా ఖాళీనే.

ఉగాది పోయినంక యాదమ్మ వచ్చింది. డిండి దిక్కు పల్లె. యాభై దాటిన మనిషి. కుడి దిక్కు పక్షవాతం కొట్టి, పెద్ద దవాఖానల ప్రాణం నిలబడి, నా కాడికి పంపిన్రు. కాలు తొందరగనే కూడుకున్నది. చెయ్యే రాలే. వేళ్లు లోపలికి ముడుసుకొని పిడికిలైపోయినయి. దీన్ని మేము స్పాస్టిసిటీ అంటం, అంటే కండ బిగుసుకపోవుడు. మామూలు మనుషులు చెయ్యి పోయిందంటె పట్టుకునేది పోయిందనుకుంటరు. పట్టుకునుడు కొన్ని దినాలకు దానంతటదే వస్తది. విడుచుడే రాదు. గిలాస పట్టుకుంటరు, కింద పెట్టనీకె వేళ్లు తెరుసుకోవు. ఎడమ చేత్తోని ఒక్కొక్క వేలు ఊడదీసుకుంటరు.

ఆమె పెనిమిటి నర్సయ్య మొదటి రోజే నన్ను పక్కకు పిలిచిండు. మాట తక్కువ మనిషి.

"మేడం, రెండు బర్లున్నయి. అందుల నల్లది దీని చెయ్యికి తప్ప చేపదు, పాలు దించదు. నేను కూసుంటె తంతది. దుడ్డె తాగంగ మిగిలినయి పొదుగుల్నే ఉండి పొదుగు వాస్తాంది. మిర్గం దాక చూస్త. అప్పటికి చెయ్యి రాకుంటె రెండిటినీ అంగట్ల నిలబెడ్త. నోరులేని జీవాలు, వాటి గోస చూడలేను."

"పెద్దమ్మకు తెలుసా?" అని అడిగిన.

"దానికి ముందే చెప్పిన. గప్పటికెల్లి నాతోని మాట్లాడ్తలేదు."

జూన్ మొదట్ల వచ్చే మిర్గం కార్తెకు నెలన్నర గూడ లేదు. పాలు పిండుడంటే ఏంది? పట్టి విడుచుడు, పట్టి విడుచుడు. యాదమ్మకు పోయింది సరీగ ఆ విడిచే సగం.

ఇగ పెగ్ బోర్డు ముందర పెడితె ముట్టలే. "గీ పుల్లలు నాకెందుకు బిడ్డా? నేనేమన్న బడికి పోవాల్నా?" అన్నది. నాకు కోపం ఎక్కువ. "పోనీ, నీ ఇష్టం. బర్లు పోతె నన్ననొద్దు" అని కసిరిన. ఆమె మొఖం అటు తిప్పుకున్నది. రెండు రోజులు గిట్లనే గడిచినయి. చెయ్యి నా ముందర చాపుతది, నేను వంచుత, సాగదీస్త. ఆమె మాత్రం కిటికీలకెల్లి రోడ్డు మీద పోయే మేకల మందను చూసుకుంట కూసుంటది.

మూడో రోజు వాళ్ల బస్సుకు ఇంక టైముందని గదిల్నే కూసున్నరు. నేను డబ్బా విప్పి ఆట పెట్టుకున్న. దుక్కి దున్నుతున్న. ఆవులు ఎన్కనుంచి ఒక్కతీరుగ అరుస్తున్నయి.

"ఎవలియే గా ఆవులు?" అన్నది యాదమ్మ.

"నాయే పెద్దమ్మా. ఆట ఇది."

"ఎందుకొర్రుతున్నయి?"

"తొట్టిల మేత లేదు. తర్వాత వేస్త."

లేచి, కాలీడ్సుకుంట వచ్చి, తెర మీదికి వంగి చూసింది. "ఓ నీ బద్దకం పాడుగాను! నువ్వు డబ్బా ముందర పెట్టుకొని తింటున్నవ్, వాటి కడుపు మాడ్సుతున్నవా? సిగ్గులేదానే?"

"బొమ్మలు పెద్దమ్మా గవి!"

"బొమ్మలైతె ఎందుకరుస్తయి?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుకుంటనే గేమ్ ప్యాడ్ ఆమె ముందర పెట్టిన. రెండు చేతులతోని పట్టుకొని ఆడే పరికరం అది. "గంత బాధుంటె నువ్వే వెయ్యి" అన్న. అంటుంటెనే తలకాయల ఏదో ఎలిగినట్టయింది. ఆ ప్యాడుకు కుడి వేలి కింద ట్రిగ్గర్ అని ఒక మీట ఉంటది. ఆటల గడ్డిని గట్టిగ చుట్టి కట్టలు కడతరు, వాటిని బేల్ అంటరు. ట్రాక్టర్ ముందర ఇనుప చేతులుంటయి. మీట నొక్కిపెడితె ఆ చేతులు బేల్‌ను పట్టుకుంటయి. మీట విడిస్తెనే బేల్ కిందికి దిగుతది. పట్టుడు, విడుచుడు. నేను నెలల నుంచి ఆడుతున్న ఆటల, నాకు కావలసిన కసరత్ అంత ఉన్నది!

ఆ సాయంత్రం సెట్టింగులన్ని మార్చిన. ట్రాక్టర్ తోలుడు నా వంతు, పట్టి విడుచుడు యాదమ్మ వంతు. ప్యాడ్ జారకుండ కింద రబ్బరు పట్టీ, ముంజేతి కింద మెత్త. షరతు ఒక్కటే, ఎడమ చెయ్యి సాయం రావొద్దు.

ఆ ఆటల దేశం వేరే. సలికాలం మంచు పడుతది, గడ్డి పరక మొలవది. అంతకు ముందే షెడ్డు నింపుకోవాలె. నేను చెప్పంగనే యాదమ్మకు సమజైపోయింది. "మనకు ఎండకాలం కరువు, వాళ్లకు సలికాలం కరువు. గంతే గద" అన్నది. ఇగ జూడు! నా పొలంల వానకు తడుసుకుంట పడున్న బేళ్లను చూసి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టింది. ఒక్కొక్కటే షెడ్డుకు తోలిపిచ్చింది. గోడకు ఆనించనియ్యలే, గాలాడాలె అన్నది. నడుమ బాట విడిపిచ్చింది, పాతగడ్డి ముందుగాల తీసెటందుకు. "పెద్దమ్మా, ఈ ఆటల పాతది కొత్తది ఒక్కటే" అని చెప్పిన. "ఆటకు ఒక్కటే గావొచ్చు, ఆవుకు కాదు" అన్నది. నేను ఆమె చెప్పినట్టే తోలిన.

నర్సయ్య గూడ ఊకోలే. ఎన్క నిలబడి "గా మూలకు పెట్టు" అంటడు. "నా కొట్టం, నా ఇష్టం" అంటది ఈమె. మొగని తోని మాట్లాడుడు మొదలైంది గట్లనే.

చెయ్యి మాత్రం సతాయించింది. పట్టుకునుడు బాగనే వచ్చింది. విడువుమంటె వేళ్లు ఇంకింత బిగుసుకునేటియి. నేను "విడువు, విడువు" అని ఒర్లిన కొద్ది బిగుసుకునేటియి. ఆఖరికి ఎడమ చెయ్యి దొంగలెక్క వచ్చి వేలు ఊడదీసేది. రెండు వారాలు దాటినా గదే తీరు. మిర్గం దగ్గరవడుతాంది.

ఒకరోజు సరీగ మేతేసే యాళ్లకు కరెంటు పోయింది. నా లాప్‌టాప్ బ్యాటరీ ముసలిది, తీగ పీకితె ఆగిపోతది. తెర నల్లగయ్యింది. "ఇయ్యాలటికి సాలు" అని నేను లేచి వేరే పేషెంటును చూడబోయిన. మళ్ల వచ్చేసరికి నర్సయ్య తలుపు కాడ చేతులు నలుపుకుంట నిలబడ్డడు.

"మేడం, తింటలేదు."

"ఎందుకు? ఒంట్ల బాగలేదా?"

"పసులకు మేత పడలేదట."

బల్ల మీద సద్ది విప్పి ఉన్నది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. పక్కన బీపీ బిల్ల. అన్నం తిన్నంక వేసుకోవాలె అది. పక్షవాతం వచ్చిన మనిషి బీపీ బిల్ల తప్పొద్దు, తప్పితె మళ్ల మొదటికే వస్తది. నాకు మండింది.

"నీకేమన్న పిచ్చా పెద్దమ్మా? లేని ఆవుల కోసం ఉన్న పానం తీసుకుంటవా? తిను ముందుగాల!"

"కోపం చెయ్యకు బిడ్డా" అన్నది నెమ్మదిగ. "నేను కాపురానికొచ్చిన నాడే మా అత్త చెప్పింది. తొట్టి నిండినంకనే మన నోట్లెకు ముద్ద. కరువుల తుమ్మకాయలు ఏరుకొచ్చి వేసి, గప్పుడు గటుక తాగినం. జరమొచ్చినా తప్పలే. దవాఖానల పన్నప్పుడు గూడ, ఇంట్ల బర్లకు వేసిన్రా అని ఫోన్ల అడిగినంకనే తిన్న. గవి లేనియే గావొచ్చు. నేను చూసిన గద, తొట్టి ఖాళీగ ఉన్నది. చూసినంక ఎట్ల దిగుతది?"

లాప్‌టాప్ సంకల పెట్టుకున్న. దవాఖాన ఎదురుంగ రఫీక్ భాయి దర్జీ దుకాణంల ఇన్వర్టర్ ఉంటది. యాదమ్మను నడిపిచ్చుకొని రోడ్డు దాటి పోయిన. "భాయి, జర కరెంటియ్యు. పసులకు మేతెయ్యాలె" అన్న. రఫీక్ భాయి కత్తెర పక్కకు పెట్టి, నా మొఖం, ఆమె మొఖం చూసి, ఏం అడగకుంటనే బట్టలు జరిపి జాగ ఇచ్చిండు. జాకెట్లు కుట్టిపిచ్చుకోనీకె వచ్చిన ఆడోళ్లు మా చుట్టు మూగిన్రు.

ఆట తెరిస్తె ఆవుల అరుపు దుకాణమంత నిండింది. బేల్ పట్టుకున్నది. ట్రాక్టర్ తొట్టి మీదికి తెచ్చిన. రోజూ లెక్క "విడువు" అని ఒర్లాల్సింది, ఆ మందిల మరిచిపోయిన. యాదమ్మకు నేను లేను, దుకాణం లేదు, మంది లేరు. తెర దిక్కు వంగి, "ఆఁ ఆఁ, వస్తున్న, వస్తున్నయ్యా" అన్నది ఆవులతోని. బేల్ పోయి తొట్టిల పడ్డది.

"పడ్డది" అన్నడు రఫీక్ భాయి.

నేను ఆమె ఎడమ చెయ్యి చూసిన. అది ఒళ్లె ఉన్నది, కదల్లేదు. కుడి చేతి వేళ్లు ప్యాడ్ మీద తెరుసుకొని ఉన్నయి. పూర్తిగ కాదు, సగం. నాకు సగం సాలు! కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"ఏడుస్తవెందుకే?" అన్నది యాదమ్మ. "తింటున్నయి గద." అని, అక్కడ్నే కూసొని సద్ది మూట విప్పమన్నది.

ఇది ఆట మహిమ అని నేననను. పక్షవాతం వచ్చిన తొలి నెలలల్ల మెదడు దానంతటదే కొంత సదురుకుంటది, రోజూ చేసిన కసరత్ గూడ ఊకెనే పోదు. గని ఆ రోజు నుంచి నేను "విడువు" అనుడు బంద్ చేసిన. దవాఖాన గ్లవుజుల నీళ్లు నింపి, వేలి కొసకు సూదితోని బెజ్జం వేసి, కుర్చీకి వేలాడదీసిన. పట్టి విడిస్తె సన్నగ ధార వస్తది. యాదమ్మ నవ్విన నవ్వు గది బయటిదాక వినొచ్చింది. "గిదేం బర్రెనే, సల్లటి నీళ్లిస్తది!" అన్నది. నవ్వుకుంటనే పొద్దంత పిండింది. అంత పట్టుదల మనిషిని నేను అంతకు ముందు చూడలే. చెయ్యి నొప్పి లేస్తె పెదవి కొరుక్కునేది గని, తొట్టి నింపకుండ లేవకపోతుండె.

మిర్గం వచ్చింది. ఆ రోజు యాదమ్మ రాలే. మర్నాడు గూడ రాలే. నర్సయ్యకు ఫోన్ చేస్తె కలువలే. నా పానం ఆగలే. ఐతారం స్కూటీ తీసుకొని పోయిన. తొవ్వ పొడుగునా ఎదురొచ్చిన ప్రతి బర్రెను, నల్లది ఇదేనా, అంగడికేనా అని చూసుకుంటనే పోయిన.

కొట్టంల రెండు బర్లు నిలబడి ఉన్నయి. నల్లదాని కింద యాదమ్మ కూసున్నది. నర్సయ్య దుడ్డెను పట్టుకొని నిలబడ్డడు. యాదమ్మ రెండు చేతులు ఆడుతున్నయి. ఎడమది గబగబ, కుడిది నిదానంగ. ధార ఒకటి గట్టిగ, ఒకటి సన్నగ. బర్రె కండ్లు మూసుకొని నెమరేస్తాంది.

"వాన పడ్డది మేడం, ఇత్తనం పెట్టుడుల పడి రాలే. ఫోన్ వానల తడిసి సచ్చింది" అన్నడు నర్సయ్య. "బర్లను గూడ అంగడికి తోలలే. ఇది తోలనియ్యలే, అది గూడ." అని ముందుగాల పెండ్లాన్ని, అటెన్క బర్రెను చూపిచ్చిండు.

యాదమ్మ నన్ను పలకరియ్యలే. పిండుడయ్యి, రెండిటికీ పచ్చిగడ్డేసి, చెయ్యి కడుక్కొని, గప్పుడు వచ్చింది.

"చాయ్ పెడ్త ఉండు. అగో, గక్కడి పసులకు ఇయ్యాల ఎవలు వేసిన్రు?"

"ఇంక వెయ్యలే పెద్దమ్మా."

"అయితె ముందుగాల వెయ్యి. అటెన్కనే చాయ్."

లాప్‌టాప్ స్కూటీ డిక్కీల ఉండె. మంచం మీద కూసొని, తీగ పెట్టి, ఆమె పేర్చిన షెడ్డులకెల్లి పాతగడ్డి తీసి తొట్టి నింపిన. చెయ్యి దాని కోసం అది తెరుసుకోదు. అవుతల ఒక కడుపు ఎదురుచూస్తున్నదని తెలిస్తె తెరుసుకుంటది. అప్పటికెల్లి నా గదికి ఎవలొచ్చినా ముందుగాల చెయ్యి చూడను. పొద్దుగాల లేవంగనే ఎవలి కోసం ఏం చేస్తుంటిరని అడుగుత. కసరత్ అందులకెల్లే తీస్త.

యాదమ్మ చాయ్ తెచ్చింది, కుడి చేత్తోని. గిలాస నా దిక్కు చాపింది. నేను పట్టుకున్న. ఆమె విడిచింది.