సాంచెలు ఆపిన హీరో

మొదటి లాక్‌డౌన్ వచ్చేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. సూరత్‌లో బమ్రోలి దగ్గర రెండు గదుల ఇంట్లో అమ్మా నాయినలతో ఉండేదాన్ని. నాయిన మరమగ్గాల కార్మికుడు. ఆ మగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. అమ్మ, పక్కింటి చిన్నమ్మ అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టేవాళ్లు. నేను బట్టల మార్కెట్లో ఒక చీరల దుకాణంలో ఆర్డర్లు రాసుకునేదాన్ని. అన్నీ ఒక్కసారే మూతపడ్డాయి. సాంచెల చప్పుడు ఆగిపోయినా మెల్లగా మాట్లాడటం మాకు చేతకాలేదు. పక్కపక్కన కూర్చుని కూడా కొన్నాళ్లు అరుచుకున్నాం.

ఆ ఖాళీలోనే ఫోన్లో ఒక కథల ఆప్‌లో సీరియల్ మొదలుపెట్టాను. నాకు వచ్చిన తెలుగంతా ఇక్కడి తెలుగు బడిలో ఏడో తరగతి దాకా నేర్చుకున్నదే. హీరోని మాత్రం వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆరడుగుల ఎత్తు, పెద్ద కంపెనీ యజమాని, ఎప్పుడూ కోపం, హీరోయిన్ చెయ్యి పట్టుకుంటే వదలడు. నిజం చెప్పాలంటే వాడంటే నాకూ ఇష్టమే. పదిహేనేళ్లప్పటి నుంచీ అలాంటివాళ్లను తెర మీద చూసి మురిసిపోయినదాన్ని.

సాయంత్రం ఎండ తగ్గాక మిద్దె మీద, బట్టలు ఆరేసే చోట, అమ్మా, చిన్నమ్మా, నేనూ ఎడం ఎడంగా కూర్చునేవాళ్లం. రాసింది అక్కడ చదివి వినిపించేదాన్ని. మూడో భాగంలో హీరో ఆ అమ్మాయి దారికి అడ్డంగా నిలబడి "నువ్వు నాదానివి" అన్నాడు. చిన్నమ్మ ఆవులించింది.

"ఏంది చిన్నమ్మా, బాగలేదా?"

"మంచిగనే ఉన్నది గని బిడ్డా, వీనికి వేరే పని లేదా? పొద్దస్తమానం కోపమే. గిసోంటోన్ని ఇంట్ల రోజూ చూస్తనే ఉన్న. మల్ల కథల గూడ వాడేనా?"

"మరి ఎసోంటోడు గావాలె?"

ఆమె ఏ మాత్రం సిగ్గుపడలేదు. "చేతులు మంచిగుండాలె. అంగి చేతులు మోచేతుల దాంక మలిచి ఏదన్న పని చేస్తుండాలె. మనం చూస్తున్నమని వానికి తెల్వద్దు."

అమ్మ పకపకా నవ్వింది. "నీకెట్లుండాలె?" అని ఆమెనూ అడిగాను.

"నీ హీరో ఆ పిల్లను మస్తు చూస్తుండు. ఆమె చెప్పేది ఒక్కటి గూడ వింటలేడు" అంది అమ్మ. తర్వాత, నేనెప్పుడూ వినని సంగతి ఒకటి చెప్పింది. "పెండ్లయిన కొత్తల మీ నాయినకు అన్నం డబ్బా పట్టుకొని కార్ఖానాకు పోయిన. ఆ చప్పుట్ల ఏం చెప్పినా మొగోళ్లు తలకాయ ఊపుతరు, గంతే. మీ నాయిన ఊపలే. పోయి తన సాంచెలు ఎనిమిదీ ఒకదానెన్క ఒకటి బంద్ చేసొచ్చి, ఇప్పుడు చెప్పు అన్నడు."

"ఏం చెప్పినవ్?"

"కూరల ఉప్పెక్కువైందని."

"శేఠ్ ఊకున్నడా?"

"మస్తు తిట్టిండు. ఆమె ఏందో చెప్తున్నది, విన్న అన్నడు మీ నాయిన."

మర్నాడు పొద్దున్నే మూడు భాగాలూ చెరిపేశాను. కొత్త హీరో సాంచెలు బాగుచేసే మెకానిక్. వినేవాణ్ణి రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కోపిష్టివాడైతే తలుపులు బాదుతాడు, గ్లాసులు పగలగొడతాడు, పేజీ నిండుతుంది. వినేవాడు ఊరికే నిలబడతాడు. వాణ్ణి మరీ మంచివాణ్ణి చేస్తే చిన్నమ్మ ఒప్పుకోలేదు. "వీడు హీరోనా, దేవుని పటమా?" అంది. అందుకని వాడికి కాస్త అసూయ పెట్టాను. రెండు రోజులు మూతి ముడుచుకుంటాడు, మూడో రోజు వచ్చి తప్పు నాదేనంటాడు. అది చదివిన సాయంత్రం చిన్నమ్మ మడతపెడుతున్న దుప్పటిని ఒళ్లో వదిలేసి విన్నది.

ఆప్‌లో మాత్రం గోల మొదలైంది. హీరో మెత్తగా ఉన్నాడన్నారు. ఒక్క ఫైట్ అయినా పెట్టమన్నారు. పాతవాణ్ణే మళ్లీ తెమ్మన్నారు. చదివేవాళ్లు సగానికి సగం తగ్గిపోయారు. ఒక రోజంతా ఏడుపొచ్చినంత పనైంది. అయినా మార్చకూడదనుకున్నాను. ఆ దుప్పటి సంగతి నేను కళ్లారా చూశాను. నాకది చాలు.

సాంచెలు మళ్లీ నడిచాక, ఒక సెలవునాడు నాయిన కూడా మిద్దె మీదికొచ్చాడు. హీరో సాంచెలు ఆపే భాగం కావాలనే తీసి చదివాను. అందులో వాడు "నీ కోసమే ఆపాను" అంటాడు.

నాయిన మొహం అటు తిప్పుకుని, "గట్లేం లేదు. ఆ రోజు కరెంటు పోయింది" అన్నాడు.

"కరెంటు పోతే అందరియీ ఆగాలె గద? నీయి ఎనిమిదే ఎట్ల ఆగినయి?" అంది అమ్మ.

నాయిన ఆరిన బట్టలు చేతికందినన్ని లాక్కుని కిందికి వెళ్లిపోయాడు. కిందికి వచ్చాక నేను చేసిన మొదటి పని "నీ కోసమే ఆపాను" అన్న మాట కొట్టేయడం. సాంచెలు ఆపినవాడు ఆ సంగతి తన నోటితో చెప్పుకోడు.

రెండో వేవ్‌లో చిన్నమ్మకు జ్వరం పట్టుకుంది. మాలో ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా గది తలుపేసుకుని ఉండిపోయింది. సీరియల్‌కు ఇంకా నాలుగు భాగాలు మిగిలి ఉన్నాయి. ఆపేద్దామనుకున్నాను గానీ, ఆమే లోపలి నుంచి గోడ మీద కొట్టి "ఏమైంది నీ హీరో సంగతి?" అని అడిగింది. అప్పటి నుంచి రోజుకో నాలుగు పేజీలు రాసి, సాయంత్రం వరండాలో ఆమె తలుపు ముందు కుర్చీ వేసుకుని గట్టిగా చదివేదాన్ని. దగ్గు వచ్చినప్పుడు ఆగేదాన్ని. తగ్గగానే "చదువు" అనేది.

పన్నెండో రోజుకు జ్వరం పూర్తిగా పోయింది. ఆ రోజు చివరి భాగం చదవబోతున్నానని చెప్పాను.

"పెండ్లి చేస్తవా ఏంది?" అని తలుపు వెనక నుంచి అడిగింది.

"చేస్తున్న. రాసేసిన."

"గంత జల్ది ఎందుకే? ఇంకొన్ని దినాలు చూడనియ్యి వాన్ని."

కుర్చీలోనే కూర్చుని ఆ పెళ్లి పేజీ చెరిపేసి, కొత్త భాగం మొదలుపెట్టాను.