బేతంచెర్ల నుంచి తెచ్చిన ఇరుసు

కర్నూలు నుంచి ఆఫీసులన్నీ హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి వేసవిలో నా కారు కడప పొలిమేరలో ఆగిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది, గేరు పడుతూనే ఉంది, చక్రాలు మాత్రం కదలవు. బద్వేలులో నాది చిన్న వైద్యశాల. పల్లెల్లో రోగులను చూసి రావడానికైనా, చెయ్యి దాటిన కేసును కడప పెద్దాసుపత్రికి చేర్చడానికైనా ఆ కారే దిక్కు. యుద్ధానికి ముందు అమెరికా నుంచి దిగిన బండి అది. నా చేతికి వచ్చేసరికే ముగ్గురు యజమానులను చూసింది.

ఎద్దులు కట్టించి దాన్ని మస్తాన్ మేస్త్రి షెడ్డుకు లాగించాను. అరవై దాటిన మనిషి. వెనక ఇరుసు విప్పి, లోపలి పళ్ళచక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళతో కాకుండా వేళ్ళతో తడిమి చూశాడు. సగం పళ్ళు రాలిపోయాయన్నాడు. కొత్తది ఈ దేశంలో దొరకదట. ఇలాంటిదే పాత బండి ఎక్కడైనా ఉంటే దాని ఇరుసును పళ్ళచక్రాలతో సహా తెచ్చి దీనికి బిగించాలట.

ఆ తర్వాత కాస్త మొహమాటపడుతూ ఇంకో సంగతి చెప్పాడు. పదిహేనేళ్ళుగా ఒక రెడ్డిగారి రెండు బస్సుల మరమ్మతు ఆయనదే. మేస్త్రికి కళ్ళు ఆనడం లేదని ఈమధ్య ఎవరో రెడ్డిగారి చెవిలో వేశారు. వచ్చే శనివారం కాక ఆ పై శనివారం సాయంత్రం రెడ్డిగారు వచ్చి నా కారు పని చూస్తారట. నచ్చితే బస్సులు ఇక్కడే ఉంటాయి, లేకపోతే కొత్తగా పెట్టిన ఇంకో షెడ్డుకు పోతాయి. నేను మేస్త్రి రెప్పలు ఎత్తి చూశాను. కుడికన్ను పూర్తిగా పొర కమ్మింది, ఎడమ కన్ను కొంచెం నయం. ఆపరేషన్ చేయించుకోమంటే, ముందు శనివారం గడవనీ అన్నాడు.

కర్నూలులో ప్లీడరుగా ఉన్న నా తోడల్లుడికి ఉత్తరం రాస్తే వారంలో జవాబు వచ్చింది. హైదరాబాదు వెళ్ళిపోతూ ఒక ఆఫీసరు అచ్చం ఇలాంటి కారునే అమ్మేశాడట. దాన్ని బేతంచెర్లలో ఒక రాతిగని యజమాని కొని, ఇంజను చచ్చేదాకా బండలు మోయించాడట. వెనక భాగం మాత్రం గట్టిగా ఉందట.

బుధవారం ఉదయం ఆరింటి బస్సుకు బద్వేలులో బయలుదేరాను. కొత్త పైసలు వచ్చిన కొత్త. మా బస్సులో ఒక అవ్వ కండక్టరు ఇచ్చిన చిల్లరను గుప్పిట్లో పెట్టుకుని మైదుకూరు దాకా గొణుగుతూనే ఉంది. అణాలైతే చీకట్లో కూడా చేతికి తెలుస్తాయట, ఇవి తెలియవట. ఆమె మాటలో న్యాయం ఉందనిపించింది. మైదుకూరులో బస్సు మారి, ఆళ్ళగడ్డ మీదుగా నంద్యాల చేరేసరికి పన్నెండున్నర. స్టేషన్ ఎదుట హోటల్లో పన్నెండణాలకు భోజనం పెట్టారు. పప్పు బాగుంది, మజ్జిగ నీళ్ళు. మూడింటి పాసింజరు ఎక్కి అయిదు కొట్టకముందే బేతంచెర్లలో దిగాను.

మీలో ఎవరైనా ఆ ఊరు వెళ్ళేటట్టయితే తెల్లబట్టలు కట్టుకోకండి అని చెప్పబోయి ఆగాను. కట్టుకోవలసింది తెల్లబట్టలే. రాతి దుమ్ము చెట్ల మీద, గోడల మీద, మనుషుల కనుబొమల మీద ఉంటుంది. రైల్లో నా పక్కన కూర్చున్న బండలు నునుపుచేసే పనివాడు, ఏ ఊరికి పోయినా కాళ్ళ కింద బండను చూసి ఏ గనిదో చెబుతానన్నాడు. నంద్యాల ప్లాట్‌ఫారం సంగతి అడిగితే గని పేరుతో సహా చెప్పాడు. తప్పో ఒప్పో నాకెలా తెలుస్తుంది?

గని యజమాని మంచివాడు. తన ఆఫీసు వరండాలోనే మంచం వేయించి, జొన్నరొట్టె, గోంగూర పంపించాడు. మర్నాడు పొద్దున ఆయన ఫిట్టరు తిమ్మప్ప నన్ను కారు దగ్గరికి తీసుకువెళ్ళాడు. ముందు సీట్లో కోడి పొదుగుతోంది. దాన్ని కదపకుండానే వెనక ఇరుసు విప్పాడు. మూత తీసి చూస్తే పళ్ళు నిండుగా, నూనెలో మెరుస్తూ ఉన్నాయి. నాకు రోగి నాడి అందినంత సంతోషమైంది.

చిక్కు రైలు దగ్గర వచ్చింది. అంత పొడుగు సామాను బ్రేకు వ్యాన్‌లో పట్టదని పార్సిలు గుమాస్తా అన్నాడు. తిమ్మప్ప ఇరుసును మూడు ముక్కలుగా విడదీశాడు. మధ్యన పళ్ళచక్రాల గుండు, దానికి అటూ ఇటూ రెండు గొట్టాలు. గొట్టాల మీద సుద్దతో ఎడమ, కుడి అని రాసి నాకు చూపించాడు.

"ఈ రెండూ చూసేదానికి ఒకే మాదిరి ఉంటాయప్పా. తారుమారైతే లోపలి పళ్ళచక్రం అవతలి పక్కకు కూర్చుంటాది. బండి ముందుకు పోదు, ఎనక్కి పోతాది. గుర్తు చెరగకుండా చూసుకో," అన్నాడు. కూలి కింద నేనిచ్చిన అయిదు రూపాయల్లో రెండు వెనక్కిచ్చేశాడు. మూడు రూపాయల పనికి అయిదు రూపాయల దుడ్లు ఎందుకన్నాడు.

శుక్రవారం ఉదయం ఆరూ నలభైకి రైలు. డోను దాటి గుంతకల్లు చేరేసరికి పదకొండు దాటింది. అక్కడ చిన్న లైను దిగి పెద్ద లైను ఎక్కాలి. సామాను మనమే మార్పించుకోవాలి. పోర్టర్లు ఇద్దరు గోనెసంచులు చుట్టిన గొట్టాలను మోసుకొచ్చి, బరువు దించుకోవడానికి సరిగ్గా కుళాయి పక్కన పెట్టారు. నేను ఇడ్లీ తిని వచ్చేసరికి గోనె తడిసి ముద్దయింది. విప్పి చూస్తే సుద్ద ఆనవాలు కూడా లేదు.

ఆ రెండు గొట్టాలనూ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి చాలాసేపు చూశాను. ఒకదాని అంచున చిన్న సొట్ట ఉంది. సొట్ట ఉన్నది ఎడమదని నాకు జ్ఞాపకం. అది తిమ్మప్ప రాస్తుండగా చూసిందో, ఇప్పుడు నేను కల్పించుకుంటున్నదో తెలియలేదు. బొగ్గుముక్క తీసుకుని పెద్ద అక్షరాలతో రాసేశాను. అనుమానం రాలేదంటే అబద్ధం, వచ్చింది. మళ్ళీ బేతంచెర్ల పోయి అడిగితే శనివారం దాటిపోతుంది కదా అని దాన్ని అణచుకున్నాను. రెండింటి పాసింజరులో గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల మీదుగా కడప చేరేసరికి చీకటిపడింది.

శనివారం ఏడింటికల్లా షెడ్డులో ఉన్నాను. మస్తాన్ మేస్త్రి పళ్ళచక్రాన్ని తడిమి, కొత్త పెండ్లికూతురు మాదిరి ఉండాదని నవ్వాడు. గొట్టాల దగ్గరికి వచ్చాక మాత్రం గొంతు తగ్గించి గుర్తులు నన్నే చదవమన్నాడు.

"ఇది యా పక్కది సారూ?"

"ఎడమది."

"బాగా చూసి చెప్తాండావా?"

"చూశాను," అన్నాను. గుంతకల్లు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

మధ్యాహ్నం మూడింటికి ఇరుసు బండి కింద కూర్చుంది. నాలుగింటికి రెడ్డిగారు వచ్చారు. వీధిలో నలభై మంది దాకా పోగయ్యారు. మేస్త్రి చొక్కా మార్చుకుని, తానే స్టీరింగు ముందు కూర్చుని, మొదటి గేరు వేసి మెల్లగా క్లచ్చి వదిలాడు. కారు వెనక్కి నడిచింది. వెనక నిలబడినవాళ్ళు చెల్లాచెదురయ్యారు. ఆయన బ్రేకు తొక్కి, ఒక్క క్షణం ఆలోచించి, రివర్సు వేశాడు. కారు ముందుకు కదిలింది. వీధి వీధంతా నవ్వింది.

రెడ్డిగారు నవ్వలేదు. దగ్గరికి వచ్చి మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, "కండ్లు పోయినాయి మస్తానూ నీకు. పోయినాయని నాకు ముందే చెప్పల్ల," అన్నారు. మేస్త్రి తలవంచుకుని, "అవునయ్యా, ఆనల్యా," అన్నాడు.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. తప్పు నాదని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. నలభై మంది నవ్వు నా మీదికి తిరుగుతుందన్న భయంతో నోరు పెగల్లేదు. రెడ్డిగారు వెళ్ళిపోయారు. నా డిస్పెన్సరీలో చీటీ ఊడిపోయిన సీసాలోంచి మందు పోశాడని మా కాంపౌండరును రోగులందరి ముందూ చీవాట్లు పెట్టినవాణ్ణి నేను.

జనం పోయాక మేస్త్రికి అంతా చెప్పాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"పాత ఇరుసు ఆ మూలే పడుండాది సారూ. దాని మీద ఒక్కసారి చెయ్యి పెట్టింటే తెలిసిపోయేది. నేను పెట్టల్యా. సదువుకున్నోడివి కదా అని నీ మాట మీదనే బిగిస్తి," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం తెల్లవారుజామునుంచి మళ్ళీ విప్పి, గొట్టాలు మార్చి బిగించాడు. ఈసారి నన్నేమీ అడగలేదు. పన్నెండింటికి కారు ముందుకు నడిచింది. కూలి ఇవ్వబోతే, తప్పు పనికి కాకుండా సరైన పనికి మాత్రమే తీసుకున్నాడు. రెండు గంటలకు బయలుదేరుతుంటే మైదుకూరు దాకా వస్తానన్నాడు. కొత్తగా కూర్చిన పళ్ళ చప్పుడు పాతిక మైళ్ళు వింటేగాని ఆయనకు తృప్తి ఉండదట. వెనక సీట్లో కళ్ళు మూసుకుని, చెవి కిందికి వంచి కూర్చున్నాడు. పెన్న దాటేటప్పుడు ఇసుక తప్ప నీళ్ళు కనబడలేదు.

రెడ్డిగారి ఇల్లు ఖాజీపేటలో, రోడ్డు పక్కనే. మేస్త్రిని కారులోనే ఉండమని లోపలికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు.

"నిన్న ఆడే చెప్పింటే ఇంకోసారి చూద్దామనుకునేవాణ్ణి డాక్టరు గారూ. రాత్రే కొత్త షెడ్డాయనకు మాటిచ్చేసినా," అన్నారు.

మాట మార్చుకోవచ్చు కదా అని బతిమాలాను.

"మీ మాట నమ్మి చూడకుండా బిగించినోడు, రేపు క్లీనరు మాట నమ్మి బ్రేకు బిగిస్తాడు. నా బస్సులో జనం ఎక్కుతారు," అన్నారు.

కారు దగ్గరికి తిరిగి వచ్చాను. నేను ఎక్కడికి వెళ్ళానో మేస్త్రికి తెలుసు. శుక్లాల ఆపరేషన్ నేను దగ్గరుండి చేయిస్తానన్నాను. సరే అన్నాడు. చూపు వచ్చినా బస్సులు రావని ఇద్దరికీ తెలుసు.

నాలుగింటికి మైదుకూరు నాలుగురోడ్ల దగ్గర ఆగాం. ఇంజను ఆపకుండా ఉంచమని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రాల మధ్య వంగి విన్నాడు. చప్పుడు లేదు, ఇంగ పదేండ్లు నడుస్తాదన్నాడు. అంతలో కడప వెళ్ళే బస్సు వచ్చింది. రెడ్డిగారి బస్సే. బస్సు బాగుచేసే మేస్త్రి దగ్గర టికెట్టు డబ్బులు తీసుకోవడం మా ప్రాంతంలో లేదు. కండక్టరు ఆయన్ని చూడగానే పక్కకు జరిగి, ముందు సీటు దులిపి, కూర్చో మస్తానన్నా అన్నాడు.

మేస్త్రి కూర్చోలేదు. జేబులోంచి చిల్లర తీసి, ఏది అణానో ఏది కొత్త పైసో తెలియక అరచేతిలో అంతా పరిచి చెయ్యి చాపాడు.

"టికెట్టు కొట్టప్పా. ఇంగ ఇది నా బండి కాదు," అన్నాడు.

కండక్టరు నా వంక చూశాడు. అతను టికెట్టు చించి ఇచ్చాడు. మేస్త్రి దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, వెనకాల జనంలోకి వెళ్ళి నిలబడ్డాడు.

బద్వేలు దాకా ముప్పై మైళ్ళు. కారు ఎన్నడూ అంత హాయిగా నడవలేదు. అంతా మేస్త్రి చేతిపని. దారిపొడుగునా నాకు సిగ్గేసింది.