రొట్టెల బుట్టలో మోగిన ఫోను

పదో తరగతి అయ్యాక నేను కలం పట్టింది రామకోటి రాయడానికే. ఇప్పుడు నామం రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆగిపోతోంది. మా ఎదురింటి రొట్టెలక్క లేదు. హట్టి గనుల ఊళ్ళో ఉన్న కూతురింటికని వెళ్ళింది, అక్కడే గుండె ఆగిపోయిందట. బయల్దేరేటప్పుడు మా గేటు పట్టుకుని నవ్వుతూ మాట్లాడిన మనిషి. ఎవరితోనైనా చెప్పబోతే మాట సగంలోనే వదిలేసి లేచి వస్తున్నాను. అందుకే రాస్తున్నాను.

రాయచూరులో మా గల్లీకంతా ఆమె రొట్టెలక్కే. సాయంత్రమైతే ఇంటి ముందు నీళ్ళు చల్లి, పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్మేది. పనుల నుంచి వచ్చే ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి నిలబడేవాళ్ళు. పిల్లల చేతుల్లో ఫోన్లు. ఎవరి పిల్లలూ పెనం వైపు చూసేవాళ్ళు కారు.

మా మనవరాలూ అంతే. కోడలు ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పిల్ల మిషను సూది దగ్గరికి రాకుండా ఫోను ఇచ్చేది. తర్వాత అన్నానికీ అదే, నిద్రకీ అదే. మూడో ఏడు వచ్చినా పిల్ల నోట 'అవ్వ' అన్న మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. చెవులు బాగానే ఉన్నాయి, ఫోను తగ్గించి పిల్లతో మాట్లాడండి అన్నాడు డాక్టరు. ఎట్లా తగ్గించాలో మాకు తెలియలేదు. ఒక్క మాట ఇప్పించు తండ్రీ అని రోజూ దేవుడి ముందు కొంగు పట్టేదాన్ని.

ఒకసారి అక్క చూడలేక పిల్ల చేతిలోంచి ఫోను లాగేసింది. పిల్ల నేల మీద పడి ఏడ్చి ఏడ్చి, తిన్నదంతా కక్కుకుంది. అక్క ముఖం పాలిపోయింది. కోడలి చెయ్యి పట్టుకుని, "తప్పయిందమ్మా, గట్ల గుంజుకోవద్దుండె" అంది.

"ఈమె ఇచ్చి ఇచ్చి అలవాటు చేసింది" అని నేను నసిగాను. అక్క నా మీదికే తిరిగింది.

"కోడలి పిల్లనేమంటవ్? మనవరాలు సూదిల ఏలు పెడితే నువ్వొచ్చి ఆపుతవా? పొద్దుగూకులు హరికథలు వినుకుంట కూసుంటవ్. నీ చేతిలది ఏంది, తులసి మాలనా?"

నా చేతిలో ఫోనుంది. కోడలు నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తింది.

మర్నాడు అక్క రొట్టెలు పెట్టే వెదురు బుట్టల్లో ఒకటి ఖాళీ చేసి తెచ్చి మా గుమ్మం ముందు కట్ట మీద పెట్టింది. ముందు తన ఫోనే అందులో వేసింది. సీరియళ్ళంటే ఆమెకు ప్రాణం.

"నాకు గూడ పానం గుంజుతది. అయినా పెద్దోళ్ళయి ముందు బుట్టల వడాలె. పిల్లల బువ్వ అయినంకనే తీసుడు."

నాది, కోడలిది, పక్కింటి అమ్మాయిది కూడా వేయించి, రొట్టెలు చుట్టే గుడ్డ కప్పింది. మనవరాలి చేతిలో ఉన్న వాళ్ళ నాన్న ఫోను మాత్రం ముట్టుకోలేదు. "గా పాట అయినంక నువ్వే ఎయ్యి బిడ్డా" అంది. పిల్ల వేయలేదు. అక్క కోప్పడలేదు. తన పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని, ఇంత పిండి ముద్ద ముందర పెట్టి, తన పని తను చేసుకుంది. రోజూ అంతే. రొట్టె తట్టాలంటే రెండు చేతులూ కావాలి. ఒక రోజు పిల్ల తనంతట తానే ఫోను కింద పెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, పెనం మీంచి తీసిన తునక చల్లార్చి ఇస్తూ అక్క ఎప్పటిలాగే "బిసి, బిసి" అంది. వేడి అనడానికి కన్నడంలో మా అందరి నోళ్ళలో ఉండే మాట అది. పిల్ల వేలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసి, "బిసి" అంది.

పెనం మీద ఇంకో రొట్టె మాడి వాసన వస్తోంది. ఎవరమూ తీయలేదు. అక్క పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది.

తర్వాత మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. రొట్టెలకు వచ్చిన తల్లులు ఏం చేశావని అడిగితే అక్క అనేది: "ఉత్తగ బంద్ చేస్తే ఎట్లమ్మా? ఆ చేతులకు పనియ్యాలె. పని మీదుండి ఫోను ఇయ్యాల్సొస్తే ఇయ్యి, నీ పని కాంగనే పక్కన కూసో. అండ్ల ఏముందో పిల్లనడుగు."

హట్టికి పోతూ ఆ బుట్ట నా చేతికిచ్చింది. "ఎల్లుండి వస్త చెల్లీ. బుట్ట మాత్రం ఆపొద్దు."

ఆ సాయంత్రమే బుట్టలో నా ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. కోడలి చెయ్యి అటు పోతుంటే, మనవరాలు నోట్లో ముద్దతోనే గద్దించింది.

"బుట్టల ఉండని! బువ్వ అయినంక!"

అచ్చం అక్క గొంతే. అందరం పడిపడి నవ్వాం. "అక్కనే చేస్తుండొచ్చు. మనం తీస్తమా లేదా అని చూస్తుంది" అంది పక్కింటి అమ్మాయి. నేను తాపీగా పిల్ల మూతి కడిగి, గుడ్డ తీశాను. నిజంగానే అక్క ఫోను నుంచే. అటువైపు ఆమె కూతురు.

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

"ఎవరి అమ్మ?" అని అడిగాను.

మొదటిసారి మోగినప్పుడే తీసినా ఆమె ఉండేది కాదు. అప్పటికే అయిపోయిందట. అది తెలిసినా నా నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు. ఆమె చెప్పిన మాట నిలబెట్టుకుంటూ, ఆమె లేదన్న కబురు గుడ్డ కింద పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నాం. ఇదేం లీల అని దేవుణ్ణి అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు.

కడసారి చూపుకు వెళ్ళి మేము హట్టి నుంచి తిరిగొచ్చాక, నిన్న సాయంత్రం మనవరాలు బుట్ట ఈడ్చుకుంటూ గల్లీ దాటింది. తాళం వేసిన తలుపు ముందు, చల్లారిన పొయ్యి పక్కన పెట్టింది. నా ఫోను అడిగి తీసుకుని అందులో వేసి, గుడ్డ కప్పింది. కూర్చుని, పిండి కోసం రెండు అరచేతులూ చాపింది. చాపిన చేతులు ఇంటికి వచ్చేదాకా దించలేదు.

ఈ కాగితాలు మన ఇంట్లో ఎవరి చేతికైనా వస్తే దాచిపెట్టండి. ఫోటో తీసి ఎవరికీ చూపించకండి. బుట్ట అడుగున, ఆ గుడ్డ కింద ఉండనివ్వండి.